ముంగిట బీటలు
(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఇంతవరకు పంచాంగ శ్రవణము జరిగింది. పిల్లలు చక్కగా పద్యాలు చదివారు. ఇటువంటి సభలో లేచి సిమెంటును గురించి, కంకరను గురించి మాట్లాడితే ఏమి బాగుంటుందని నేను కార్యదర్శిగారితో అన్నాను. ఆయన నవ్వి, “మన పేటలో పద్యము రాని ఇల్లు ఉంటే ఉండవచ్చును గాని, ముంగిట బీట లేని ఇల్లు ఉన్నదా?” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. అందుచేత ఒప్పుకొన్నాను.

నేను ఇంజనీరును గాను. మెట్రిక్ ప్యాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాడను. ఈ విషయములో నాకున్న అర్హత ఒక్కటే: ఒక వాకిలిని నా చేతులారా చెడగొట్టుకొని, అయిదేండ్ల తరువాత బాగుచేసుకొన్నాను. ఆ మధ్యకాలములో నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉంటే ఈ అరగంటకు ఫలము దక్కినట్టే.

మన షోలాపూరు తెలుగువారి ఇళ్ళు మీకు తెలియనివి కావు. పెద్దలు కరీంనగరు, వరంగల్లు, పాలమూరు ప్రాంతాలనుండి మగ్గము నమ్ముకొని వచ్చారు. మొదట రేకుల ఇల్లు, తరువాత డాబా, ఆ తరువాత ఇంటిముందు నాలుగు బస్తాల సిమెంటుతో వాకిలి. మా ఇంటి వాకిలి 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. 2015 మే నెలలో వేయించాము. ఆ డబ్బు నాది కాదు, మా అమ్మది. ఏండ్ల తరబడి బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్ము. “మట్టి వాకిట్లో ముగ్గు నిలువది కొడుకా, చెల్లె పెండ్లికన్నా నున్నటి నేల కావాలె” అని అడిగింది.

పని చేసినవాడు పాలమూరు మేస్త్రి, వయసు మళ్ళినవాడు. ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు: “సారూ, నడిమిట్ల పట్టీలు వెట్టి గాళ్ళు ఇడుద్దాం. లేకుంటే అదే పలుగుతది.” నాకేమో గీతలు లేకుండా, అద్దములాగా ఒకే పలకగా కనిపించాలని కోరిక. వద్దన్నాను. మాలు జారుగా ఉంటే తొందరగా సర్దుకొంటుందని ఇంకా నీళ్ళు పోయించాను. మూడవ రోజున పెండ్లి పందిరివాళ్ళు వచ్చి గుంజలు నిలబెట్టారు. చుట్టాలు జారిపడతారేమోనని నీళ్ళు కొట్టడము ఆపించాను. పెండ్లి దివ్యముగా జరిగింది. శ్రావణము వచ్చేసరికి వాకిలి నడుమ, ఈ అంచునుండి ఆ అంచు దాకా, కొలతబద్ద పెట్టి గీసినట్టు ఒక బీట పడింది.

ఆ బీట ఎందుకు పడిందో ముందుగా చెబుతాను. కారణము తెలియనివాడికి మందు తెలిసి ప్రయోజనము లేదు.

కాంక్రీటు నీళ్ళతో కలిసి గట్టిపడుతుంది. గట్టిపడడానికి కావలసినదానికంటె ఎక్కువ నీరు అందులో ఉంటుంది. ఆ మిగులు నీరు నెలల తరబడి ఆవిరిగా పోతున్నకొద్దీ పలక ముడుచుకొంటుంది. మీటరుకు అర మిల్లీమీటరు అటూ ఇటూగా ముడుచుకొంటుందని లెక్క. మా 20 అడుగుల పలక, అనగా 6 మీటర్లు, రెండు మూడు మిల్లీమీటర్లు చిన్నది కావలెను. కింద నేల దానిని పట్టుకొని కదలనీయదు. రెండు వైపుల లాగిన పలక ఎక్కడో ఒకచోట తెగవలసినదే. ముందుగానే మనము గాడి వదిలితే ఆ గాడిలోనే, కంటికి కనబడకుండా తెగుతుంది. వదలకపోతే తన ఇష్టము వచ్చినచోట తెగుతుంది. మేస్త్రి చెప్పినది ఇదే. నేను రైల్వేవాణ్ణి, నాకే తెలిసి ఉండవలసింది. 13 మీటర్ల పట్టాకు 30 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే ఫిష్‌ప్లేటు వేసిన అతుకుల దగ్గర పట్టాకు పట్టాకు మధ్య సందు వదులుతారు. కాంక్రీటు కూడా ఇంచుమించు ఇనుము వలెనే వేడికి సాగుతుంది, చలికి కుదించుకొంటుంది. పట్టాల మధ్య సందు చూస్తూ రోజూ ప్లాట్‌ఫారము మీద నడిచి వెళ్ళేవాణ్ణి, ఇంటి వాకిట్లో మాత్రము సందు వద్దన్నాను.

దీనికి తోడు మన నేల సంగతి ఒకటి ఉన్నది. షోలాపూరు కింద ఉన్నది నల్లరాయి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట పారిన లావా గడ్డకట్టి ఏర్పడిన దక్కను రాతిపొరలు అవి. ఆ రాయి చివికి చివికి మనకు నల్లరేగడి ఇచ్చింది. అందులో మాంట్‌మోరిల్లోనైట్ అనే జాతి బంకమన్ను ఉంటుంది. అది నీరు తాగి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొని నెర్రెలిస్తుంది. జొన్న చేలలో మే నెల నెర్రెలు మీరందరూ చూసినవే. చేయి దూరేంత ఉంటాయి. ఆ నేలమీద నాలుగంగుళాల పలక పరిస్తే ఏమవుతుంది? వానకాలములో అంచులు పైకి లేస్తాయి, ఎండకాలములో కిందికి దిగుతాయి. పలక నడుము విరుగుతుంది.

ఇక నా తప్పులు. 2016 ఉగాదికి ముందు ఇల్లు సున్నము వేయిస్తూ, ఒక పావుబస్తా సిమెంటు తెచ్చి, పాలుగా కలిపి ఆ బీటలో పోశాను. పండుగనాడు అమ్మ దానిమీద ముగ్గు వేసింది. దసరాకు బీట మళ్ళీ కనబడింది. 2017 ఉగాదికి మళ్ళీ పోశాను, ఈసారి ఇంకా చిక్కగా, పైకి పొంగేటట్టు. వానలు రాకముందే అది పెచ్చులు లేచింది. వట్టి సిమెంటు ఇసుక లేకుండా పోస్తే అది తానే విపరీతముగా ముడుచుకొంటుందని, పాత కాంక్రీటును పట్టుకోదని అప్పుడు నాకు తెలియదు.

నేత తెలిసిన కుటుంబములో పుట్టినవాణ్ణి. పడుగులో పోగు తెగితే ముడి వేస్తాము. అదే పోగు మళ్ళీ మళ్ళీ తెగుతుంటే తెలివిగలవాడు మగ్గము ఆపి బిగువు ఎక్కువైనదా, గాలి పొడిబారినదా, అచ్చులో పన్ను ఒరుసుకొంటున్నదా అని చూస్తాడు. తెలివిలేనివాడు ముడిమీద ముడి వేస్తాడు. నేను ముడిమీద ముడి వేశాను. పైగా తప్పు ఎవరిదో వెదకడము మొదలుపెట్టాను.

మా ప్రహరీ గోడకు అవతల పక్కింటివారి వేపచెట్టు ఉండేది. పక్కింట్లో ఉన్నది ఒక మరాఠీ పెద్దమ్మ. మేమందరము కాకూ అని పిలుస్తాము. వేర్లు వచ్చి మా వాకిలిని పగులగొడుతున్నవని నేను తీర్మానించుకొన్నాను. కాకూతో చెప్పాను. ఆమె మొదట ఒప్పుకోలేదు. నేను పట్టు విడువలేదు. చివరకు నగరపాలక సంస్థ అనుమతికి అర్జీ కూడా ఆమె తరఫున నేనే రాశాను. గుమాస్తాను గదా, అర్జీ రాయడము నాకు చేతనైన పని. 2017 జూనులో చెట్టు కొట్టేశారు.

ఆ చెట్టు సంగతి ఈ పేటవారికి చెప్పనక్కరలేదు. ఉగాది పచ్చడికి వేపపువ్వు మన వీధి వీధంతా అక్కడే దులుపుకొనేది. మనకు ఉగాది, వారికి గుడీ పాడవా. రెండూ ఒకే రోజు. వారి గుడికి వేపరెమ్మ, మన పచ్చడికి వేపపువ్వు ఆ ఒక్క చెట్టే ఇచ్చేది.

చెట్టు పోయింది, బీట పోలేదు. పైగా పెరిగింది. ఇదేమి చిత్రమని అప్పట్లో అనుకొన్నాను. తరువాత తెలిసింది. రేగడి నేలలో పెద్ద చెట్టు రోజూ ఎంతో నీటిని తాగి నేలను పొడిగా ఉంచుతుంది. చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే ఆ నీరు నేలలోనే నిలుస్తుంది. ఏండ్లుగా ముడుచుకొని ఉన్న మన్ను మెల్లమెల్లగా ఉబ్బుతుంది. వేర్లు నేలను కదలించడము నిజమే; చెట్టు లేకపోవడము కూడా కదలిస్తుందని నాకు తోచలేదు. 2018 వానకాలానికి బీటకు ఒక పక్క పలక అర అంగుళము పైకి లేచింది. ఆ ఆగస్టులో ఒక తెల్లవారుజామున అమ్మ చెంబు పట్టుకొని వాకిలి చల్లబోయి ఆ అంచుకు కాలు తట్టి పడిపోయింది. కుడిచేతి మణికట్టు విరిగింది. కట్టు విప్పిన తరువాత కూడా చాలాకాలము ఆమె బీడీ చుట్టలేకపోయింది. ఆమె డబ్బుతో వేసిన నేలే ఆమె చేయి విరిచింది. ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అప్పుడు నాకు బుద్ధి వచ్చి, పనుల విభాగములో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనను బతిమాలి ఇంటికి తీసుకొని వచ్చాను. ఆయన వాకిలి అంతా తిరిగి చూసి, సిమెంటు మాట ఎత్తకుండా ఒక ప్రశ్న వేశారు: “ఇది బతికిన బీటా, చచ్చిన బీటా?” నాకు అర్థము కాలేదు. ఈనాటి ప్రసంగములో మీరు ఒక్కమాట గుర్తుంచుకొని మిగిలినదంతా మరచిపోయినా నాకు సంతోషమే. ఆ మాట ఇదే. ప్రతి బీటా రెండింటిలో ఒకటి. ఒకటి, పడవలసినప్పుడు పడి ఆగిపోయినది. అది చచ్చిన బీట. రెండవది, ఎండకు వానకు తెరుచుకొంటూ మూసుకొంటూ ఉండేది. అది బతికిన బీట. చచ్చినదానికి గట్టి మందు. బతికినదానికి మెత్తని మందు. బతికినదానిలో గట్టి మందు పోస్తే మందునయినా చీలుస్తుంది, లేదా పక్కన ఇంకొక బీట పుట్టిస్తుంది.

ఏది బతికినదో తెలుసుకోవడము కష్టము కాదు. ఖర్చు కూడా లేదు. బీట రెండు కొనలవద్ద పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయండి. నెల తరువాత బీట ఆ గీత దాటిందా, చూడండి. బీటకు అటొకటి ఇటొకటి మరలు బిగించి వాటి మధ్య దూరము నెలకొకసారి కొలవండి. లేదా పలుచని గాజు ముక్కను బీటకు అడ్డముగా గట్టి జిగురుతో అంటించండి. నేల కదిలితే గాజు పగులుతుంది. ఎండ, వాన, చలి మూడూ చూడాలి గనుక ఒక ఏడాది ఆగడము మంచిది. మా ఇంట్లో గాజు జూలైలో, మొదటి పెద్ద వానల తరువాత పగిలింది. మరల మధ్య దూరము మే నెలలో 100 మిల్లీమీటర్లు, ఆగస్టులో 103. అది బతికినదని తేలింది.

కాని పెద్దాయన ఇంకొకటి చూశారు. వానలేని మే నెలలో కూడా మా స్నానాల గది మూల గోడ పాదము చెమ్మగా ఉన్నది. ఒక బకెట్టు నీటిలో బట్టల నీలిమందు కలిపి స్నానాల గది తూములో పోయించారు. గోడ పక్కన మోచేయి లోతు గుంట తవ్వించారు. రెండవనాటికి ఆ గుంటలో నీలిరంగు ఊరింది. భూమిలోని గొట్టము అతుకు వదిలి, ఏండ్లుగా మా స్నానాల నీరు మా వాకిలి కిందికే పోతున్నది! పక్కింటి చెట్టు మీద అర్జీ రాసినవాడు తన ఇంటి తూము ఒక్కసారి చూసుకోలేదు.

కనుక మొదటి మరమ్మతు సిమెంటుతో కాదు, నీటితో. డాబా నీరు గొట్టము కింద నేరుగా పలక అంచున పడుతున్నదా? నల్లా కారుతున్నదా? వాకిలి వాలు ఇంటివైపు ఉన్నదా, వీధివైపు ఉన్నదా? కుండీలో చెట్లకు పోసిన నీరు ఎక్కడికి పోతున్నది? వీటికి జవాబు దొరికినదాకా ఉలి పట్టవద్దు.

రెండవది, బీటను చూసి గుర్తుపట్టడము. వలలాగా, ఎండిన చెరువు అడుగులాగా పైపైన సన్నని గీతలు ఉంటే అవి పైపొర తొందరగా ఎండినందువలన వచ్చినవి. చూపుకు బాగుండవు గాని హాని తక్కువ, వాటిని వదిలేయవచ్చు. పలక నడుమ అడ్డముగా పడినది ముడుచుకొన్న బీట. మూలలు విరిగితే కింద మన్ను దిగిందని అర్థము. సుత్తితో మెల్లగా తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే కింద బోలు ఉన్నది. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లము అయితే నేల కదులుతున్నది. దానిని నింపి లాభము లేదు, ఆ ముక్క తీసి మళ్ళీ వేయవలసినదే. ఇక మెట్లలోను, సజ్జాలోను లోపలి ఊచ వెంబడి నిలువుగా పోయి, ఎర్రని మరక కారుతున్న బీట అన్నిటికంటె ప్రమాదమైనది. లోపల ఊచ తుప్పు పట్టింది. తుప్పు ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు ఆక్రమిస్తుంది గనుక లోపలినుండి కాంక్రీటును పగులదోస్తుంది. దాని నోరు మూస్తే లోపల తినడము ఆగదు. అక్కడ పనివానిని పిలిచి, వదులైన పెచ్చులు తీయించి, ఊచ తెల్లగా మెరిసేదాకా తుప్పు గీకించి, తరువాతే కప్పించాలి.

మూడవది, చచ్చిన బీటను నింపే పద్ధతి. బీట వెంబడి ఉలితో అర అంగుళము వెడల్పు, ముప్పావు అంగుళము లోతు గాడి తీయాలి. పైన వెడల్పుగా, అడుగున మొనగా తీయవద్దు. అట్లా తీస్తే అంచులో వేసిన పలుచని మాలు అప్పడములాగా లేచిపోతుంది. అడుగున కాస్త వెడల్పు, పైన కాస్త ఇరుకు, కుండ మూతిలాగా ఉండాలి. అప్పుడు నింపినది పైకి ఊడి రాదు. ఉలి పని చేసేటప్పుడు కంటికి అద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పవు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, కనుక కొంచెము నీళ్ళు చల్లుకొంటూ కొట్టండి. గాడిని తీగబ్రష్షుతో రుద్ది, దుమ్ము ఊది, కడగాలి. రాత్రంతా తడిగా ఉంచాలి. ఉదయము గాడిలో నిలిచిన నీటిని గుడ్డతో అద్ది తీయాలి. నేల తడిగా ఉండాలి గాని మెరవకూడదు. పాత కాంక్రీటు దాహముతో ఉంటే కొత్త మాలులోని నీరు పీల్చుకొని దానిని బలహీనపరుస్తుంది. నీరు నిలిచి ఉంటే అసలు పట్టుకోదు.

ఆపైన సిమెంటు పాలు బ్రష్షుతో పూయాలి. సిమెంటు అంగళ్ళలో దొరికే లేటెక్స్ ద్రవము కాస్త అందులో కలిపితే పట్టు బాగుంటుంది. పాళ్ళు డబ్బామీద ఉంటాయి. ఆ పాలు ఆరకముందే మాలు నింపాలి. ఒక పాలు సిమెంటు, రెండున్నర పాళ్ళు జల్లించిన ఇసుక. నీరు ఎంత? పిడికిట పట్టి నొక్కితే ముద్ద కావాలి, వేళ్ళ సందున కారకూడదు. జారుగా ఉంటే పని సులువు, ఫలితము చేటు. కొద్దికొద్దిగా వేసి చెక్కముక్కతో దట్టించి, పైన తాపీతో నేలకు సమముగా చదును చేయాలి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. తడి సిమెంటు క్షారము. చర్మాన్ని కాలుస్తుంది, నొప్పి ఆలస్యముగా తెలుస్తుంది. ఈ పని ఉదయము పది లోపల గాని, పొద్దు వాలిన తరువాత గాని చేయాలి. మన ఏప్రిలు మధ్యాహ్నము చేస్తే కళ్ళముందే ఎండి చీలుతుంది. తరువాత తడి గోనె కప్పి వారము దినాలు తడి ఆరనీయకండి. లేటెక్స్ కలిపితే మాత్రము ఎన్నాళ్ళు తడపవలెనో డబ్బామీద చెప్పినట్టు చేయండి.

నాలుగవది, బతికిన బీట. దీనిలో సిమెంటు పనికిరాదు. గాడి తీయడము మామూలే గాని ఇక్కడ గాడి బొత్తిగా పొడిగా ఉండాలి. అడుగున నురుగుతాడు, అనగా స్పంజివంటి మెత్తని తాడు నొక్కిపెట్టాలి. దానిమీద రబ్బరులాగా సాగే పాలియూరిథేన్ సీలెంటు గొట్టముతో పోయాలి. దాని మందము గాడి వెడల్పులో సగము ఉంటే చాలు. తాడు ఎందుకంటే, సీలెంటు రెండు పక్కగోడలను మాత్రమే పట్టుకోవాలి. అడుగును కూడా పట్టుకొంటే గాడి తెరుచుకొన్నప్పుడు సాగలేక చిరుగుతుంది. బాగా ఎండలో బీట ఒక తీరుగా, చలిలో మరొక తీరుగా ఉంటుంది గనుక మధ్యస్థముగా ఉన్న రోజులలో ఈ పని చేయడము మేలు. తారు, ఇసుక కలిపి నింపే పాత పద్ధతి కూడా ఉన్నది. అది చవక; కాని మన ఎండలకు మెత్తబడి చెప్పులకు అంటుకొని ఇంట్లోకి వస్తుంది. పైగా తారు ఇంట్లో కాచడము ప్రమాదము.

మా వాకిలి ఈ రెండింటికీ లొంగేది కాదు. గొట్టము మార్పించి, ఒక వానకాలము ఆగి, 2020 మార్చి మొదట్లో పలక మొత్తము తీయించాము. అదే పాలమూరు మేస్త్రిని వెదికి పట్టుకొన్నాను. ఆయన నన్ను చూసి నవ్వాడు, “ఇప్పుడు గాళ్ళు ఇడుద్దామా సారూ?” అన్నాడు. ఒకటిన్నర అడుగుల లోతు రేగడి తీసివేసి, మొరం పోసి, ఆరంగుళాల పొరలుగా నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టించాము. మొరం నీటికి ఉబ్బదు; కింద రేగడి కదలినా ఆ కదలికను కొంత మింగుతుంది. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. 50 కిలోల బస్తాకు నీరు మొత్తము 25 లీటర్లకు మించనీయలేదు. ఇసుకలో తడి ఉంటే అదికూడా ఆ లెక్కలోనిదే. డబ్బా పట్టుకొని నేనే నిలబడి కొలిచాను. నాలుగంగుళాల పలకకు ఎనిమిది నుండి పది అడుగులకు ఒక గాడి, మందములో నాలుగవవంతు లోతు. ఇంటి గోడకు పలకకు మధ్య అర అంగుళము సందు, దానిలో మెత్తని అట్ట. వాలు వీధివైపు, 12 అడుగులకు మూడంగుళాలు.

మన ఎండకు, ఇప్పుడు అంగళ్ళలో ఎక్కువగా దొరికే బూడిద కలిసిన పొజొలానా సిమెంటుకు 14 రోజులు తడి ఉంచడము మంచిది. ఈసారి పందిరి లేదు, చుట్టాలు లేరు. మీకు జ్ఞాపకమే, 2020 మార్చి 25వ తేదీ ఉగాది. అదేనాడు దేశమంతటా లాక్‌డౌను మొదలైంది. వాకిట్లో అడుగుపెట్టే మనిషే లేడు. గూడ్సు బండ్లు ఆగలేదు గనుక నేను డ్యూటీకి పోయివచ్చేవాణ్ణి. అమ్మ ఎడమచేత్తో చెంబు పట్టుకొని గోనెలు తడిపేది.

ఆ వాకిలి ఇన్ని వానకాలాలు చూసింది. గాళ్ళలో తప్ప మరెక్కడా తెగలేదు. నున్నని అద్దములాగా లేదు, గీతలు ఉన్నవి. అమ్మ ఆ గీతలనే ముగ్గుకు హద్దులు చేసుకొని ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ముగ్గు వేస్తుంది. చలికాలములో మణికట్టు ఇప్పటికీ లాగుతుందంటుంది.

వాకిలి బాగుచేసుకొన్నాను గాని చెట్టును తిరిగి నిలబెట్టలేను. గొట్టము సంగతి తేలిన రోజుననే కాకూ దగ్గరకు వెళ్ళి, తప్పు మీ చెట్టుది కాదు, మా తూముదని చెప్పాను. ఆమె కాసేపు ఊరకుండి, “చహా ఘేణార్?” అన్నది. టీ తాగి వచ్చాను. 2022 వానకాలములో ఆమె పెరటి మూలన, రెండు ఇళ్ళ గోడలకూ దూరముగా, ఒక వేపమొక్క నాటి ఇచ్చాను. అది తలుపెత్తు దాటింది గాని ఇంకా పూతకు రాలేదు. ఈ ఉదయము పచ్చడికి పువ్వు బజారులో కొన్నాను. మీలో చాలామంది కూడా కొనే ఉంటారు. అందుకు కారణము నేనని ఈ సభలో చెప్పుకోవలసిన బాధ్యత నాకున్నది. క్షమించండి.

చివరిగా ఒక మనవి. ఈ సాయంత్రము ఇంటికి వెళ్ళిన తరువాత ఒక పెన్సిలు తీసుకొని, మీ ముంగిట బీట కొనలమీద గీత గీసి, ఈనాటి తేదీ వేయండి. సిమెంటు కొనవద్దు. ఎవరి చెట్టునూ, ఎవరి గోడనూ అనవద్దు. ముందు మీ తూములు చూసుకొండి. వచ్చే ఉగాదికి అదే గీత దగ్గర వంగి చూడండి. అది చచ్చిన బీటో, బతికిన బీటో మీకే తెలుస్తుంది. ఆ తరువాత అవసరమైతే నన్ను పిలవండి. ఉలి, సుత్తి తీసుకొని వస్తాను.